తాసిల్దారు మడి

శాంతకుమారి మడి అంటే జమ్మలమడుగులో ఆ సందు సందంతా హడలు. తడి చీరతో ఆమె బావికాడ నుంచి వంటింట్లోకి నడిచి పోతాంటే ఫ్యాను గూడా మెల్లగా తిరగాల. ఎదురొచ్చిన మనిషి గోడకు అంటుకోని పోవాల్సిందే. అట్లాంటామెకు దేవుడు ఏరి కోరి ఇచ్చిన బహుమానం ఏందయ్యా అంటే, ఒక వీధికుక్క.

దాని పేరు తాసిల్దారు. పేరు పెట్టింది ఆమె మొగుడు సీతాపతి. తాలూకాఫీసులో బతుకంతా గుమాస్తాగిరీ చేసి, వచ్చిన ప్రతి తాసిల్దారు ముందరా చేతులు కట్టుకోని నిలబడిన మనిషి. కడుపులో మంట యాడ కక్కాలో తెలీక, సందు మొదట్లో పండుకోనుండే గోధుమరంగు కుక్కకు ఆ పేరు పెట్టుకున్యాడు. "ఒరే తాసిల్దారూ, ఇట్రా. కూచో. లెయ్. పో, ఇంక నీతో పనిల్యా" అని సాయంత్రం ఒకసారి అధికారం చెలాయిస్తే గానీ ఆయనకు కాఫీ గొంతు దిగేది కాదు.

పోయినేడు ఎండాకాలంలో ఆ సీతాపతి కుర్చీలో కూర్చున్నోడు కూర్చున్నట్లే పోయినాడు. కర్మ ముగిసింది, చుట్టాలు బస్సెక్కినారు. కుక్క మాత్రం వచ్చి గడప బయట పండుకునింది. శాంతకుమారి నీళ్లు చల్లింది, చీపురు చూపించింది, నోటికొచ్చినట్లు తిట్టింది. అది లేచి రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ పండుకునింది. "ఆయనే నా మాట వినల్యా, ఆయన కుక్క వింటాదా!" అని చీపురు మూలకు ఇసిరేసింది. వానలు పడినప్పుడు కోడలు శ్రీవిద్య దాన్ని వసారాలోకి రానిచ్చింది. చలికాలం వచ్చేతలికి దానికొక గోనెపట్ట, సొంతంగా ఒక సత్తుగిన్నె ఏర్పడినాయి. శాంతకుమారి మాత్రం "అది మన కుక్క కాదు" అనే అంటాండేది. అంటానే, దానికి పెట్టే పెరుగన్నంలో ఉప్పు సరిపోయిందా లేదా అని చూసి మరీ పెట్టేది.

సంవత్సరీకం దగ్గర పడింది. ఏర్పాట్లు మాట్లాడేదానికి పులివెందుల నుంచి సీతాపతి అన్న ప్రభాకరరావు వచ్చినాడు. రిటైరైన సంస్కృతం అయ్యవారు. రిటైరైంది బడికే గానీ, చాదస్తానికి ఇంకా సర్వీసు మిగిలే ఉండాది. ఆయన స్నానం చేసి, పట్టుపంచె కట్టుకోని, విభూది పెట్టుకోని వసారాలోకి వచ్చినాడో లేదో, తాసిల్దారు సంతోషంతో రెండు కాళ్లూ ఎత్తి ఆ పంచె మీద పెట్టి, మోకాలు నుంచి తొడ దాకా మట్టితో ఇంత పొడుగు సంతకం చేసింది.

"శివ శివా!" అని ఆయన కేక పెడితే పక్కింటి కోళ్లు చెల్లాచెదురైనాయి. "శాంతా, ఏందమ్మా ఇది? ఇల్లా, సత్రమా? శ్రాద్ధం పూట కుక్క కంట పడితేనే దోషం. తుమ్మలపల్లె దగ్గర నా శిష్యుడొకడు ఉండాడు, వాని చేన్లో కట్టేస్తాడు. ఇప్పుడే తీసుకోని పోతా, ఒక తాడియ్యి."

శాంతకుమారి నోరెత్తలేదు. బావగారి ముందర ఆమె ఎప్పుడూ నోరెత్తింది ల్యా. శ్రీవిద్యే ముందుకొచ్చింది. "పెదమామయ్యా, అప్పటికి దానికి మడి నేర్పిస్తాం. ఒక అవకాశం ఇయ్యండి."

ప్రభాకరరావు నవ్వినాడు. "మనుషులకే మడి చాతకాక చస్తాంటే కుక్కకు నేర్పిస్తారా? కానీయండి, ఆ తమాషా గూడా చూస్తా. కానీ ఒక మాట. ఆ పొద్దు అది గడప తొక్కినా, దాని మూలాన కార్యం చెడినా, సాయంత్రం బస్సుకు అది నా వెంట తుమ్మలపల్లెకు వస్తాది. అప్పుడు ఎవురూ అడ్డం మాట్లాడగూడదు. ఏం శాంతా?"

"సరే బావగారూ" అనింది శాంతకుమారి.

అనేసింది. పోతే పోనీలే ముదనష్టపు కుక్క అనుకునింది. మనసు ఒప్పలేదు. ఆయన పెట్టిన పేరు, ఆయన పిలిచిన పిలుపు ఆ ఇంట్లో ఇంకా వినపడతాండేది ఆ కుక్క మూలానే. అది గూడా పోతే, సీతాపతి అనే మనిషి ఒకడు ఈడ తిరిగినాడనేదానికి గోడ మీది ఫోటో తప్ప ఇంకేముండాది? ఫోటో పిలిస్తే పలకదు, తోక గూడా ఊపదు.

శ్రీవిద్యకు ప్రొద్దుటూరులో బ్యాంకు ఉద్యోగం. మరుసటి రోజు వచ్చేటప్పుడు బంగారు అంగళ్ల ఎనక సందులో ఒక కుక్కల సామాన్ల అంగడి నుంచి గచ్చకాయంత ప్లాస్టిక్ వస్తువు ఒకటి తెచ్చింది. నొక్కితే టిక్కుమంటాది. దాని పేరు క్లిక్కరంట.

"చూడండత్తయ్యా, కొట్టేది ల్యా, తిట్టేది ల్యా. అది మంచి పని చేసిన ఆ క్షణంలోనే టిక్కుమనిపించాల. వెంటనే తినేదానికి ఏదన్నా పెట్టాల. టిక్కుమంటే తిండి వస్తాదని దానికి అర్థమైతాది. ఏం చేస్తే టిక్కుమంటాదో అదే మళ్లీ మళ్లీ చేస్తాది."

"కొట్టకుండా తిట్టకుండా చదువెట్లొస్తాదే? మీ మామయ్య మూడో ఎక్కం నేర్చుకునేదానికి ఎన్ని బెత్తాలు విరిగినాయో తెల్సా?"

"అందుకే ఆయనకు ఏడో ఎక్కం రాలేదు" అనింది శ్రీవిద్య.

ఏం తిండి పెట్టాలని ఫోన్లో చూస్తే, అందులో ఒక గడ్డమాయన నవ్వుకుంటా, ఉడకబెట్టిన కోడి కార్జం చిన్న చిన్న ముక్కలు చేయమన్యాడు. శాంతకుమారి రెండు చెవులూ మూసుకోని, ఆ ఫోనును పసుపునీళ్లతో తుడిస్తే గానీ లోపలికి రానియ్యలేదు. బిస్కెట్టు పెడితే తాసిల్దారు వాసన చూసి వదిలేసింది. క్యారెట్టు పెడితే దాన్ని నోట కరుచుకోని పోయి చెట్టు కింద పూడ్చి పెట్టి వచ్చింది. కడాకు ఉడకబెట్టిన చెనిక్కాయలు పెడితే కండ్లు మూసుకోని నమిలింది. రాయలసీమ కుక్క కదా.

మొదట్లో శాంతకుమారి చేసిన అఘాయిత్యాలు అన్నీ ఇన్నీ కావు. టీవీ రిమోటు నొక్కినట్ల ఆ క్లిక్కరును కుక్క మొగానికి చూపించి నొక్కేది. అది కూర్చున్నప్పుడు గమ్మున నొక్కుతాదా అంటే, అదీ ల్యా. "ఆ, ఇట్ల కూర్చుంటే ఎంత లక్షణంగా ఉండాది, రోజూ ఇట్లే ఉంటే నీ సొమ్మేం పోతాది, పుట్టినాక ఒక పద్ధతి ఉండాల..." అని ఉపన్యాసం చెప్పి, అంతా అయినాక టిక్కుమనిపించేది. అంతలోకి ఆ పాపిష్టిది లేచి చెవి గోక్కుంటాండేది. దానికేం తెలుసు? చెవి గోక్కుంటే చెనిక్కాయ వస్తాదని లెక్కేసుకునింది. వారం పాటు ఆమె ఎదురుపడితే చాలు, గోకుడే గోకుడు.

"గజ్జేమో చూపించండమ్మా" అన్యాడు పాలు పోసే శివ.

"గజ్జి కాదప్పా, మా అత్తయ్య చదువు చెప్తాండాది" అనింది శ్రీవిద్య.

తప్పు తనదేనని తెలిసినాక శాంతకుమారి నోరు కట్టేసుకునింది. అరవై దగ్గర పడినాక, ఒక కుక్క కోసం, మాట్లాడకుండా ఉండేది నేర్చుకునింది. కొడుకు సాకేతు అది చూసి, "ఈ టిక్కుల బిళ్ళ నాయన ఉన్నప్పుడే తేవాల్సింది" అన్యాడు గానీ, అమ్మ మొగం చూసి పెరట్లోకి జారుకున్యాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. కుక్క నేర్చుకోవాల్సింది మడి. మడిలో ఉన్న మనిషి కనపడితే వెనక్కి నడుచుకుంటా పోయి గడప అవతల కూర్చోవాల. మరి అది నేర్పాలంటే శాంతకుమారి మడి కట్టుకోనుండాల. మడిలో ఉండి, నలుగురి చేతులు పడిన, కుక్క ఒకసారి నోట్లో పెట్టుకున్న ప్లాస్టిక్ బిళ్ళను ముట్టుకుంటాదా? ప్రాణం పోయినా ముట్టుకోదు.

"అదే కావాలని ల్యాత్తయ్యా, రోజూ ఒకటే శబ్దం వస్తే చాలు" అనింది శ్రీవిద్య.

దేవుని గూటిలో సీతాపతి పంచపాత్ర, ఉద్ధరిణె ఉండాయి. సంధ్యవార్చుకునే ఆ రాగి పాత్ర, దాంట్లో చిన్న రాగి చెంచా, ఆయన పోయినప్పటి నుంచి అట్లే బోర్లించి ఉండాయి. రాగికి మైల ల్యా, చింతపండేసి తోమితే చాలు. శాంతకుమారి వాటిని తీసుకోని, మొగుని ఫోటో వైపు ఒకసారి చూసి, "ఏమనుకోవద్దండీ, మీ కుక్క కోసమే" అని, చెంచాతో పాత్ర అంచు మీద కొట్టింది. టంగ్!

వసారాలో నిద్రపోతాండే తాసిల్దారు దిగ్గున లేచింది. చెవులు నిక్కబొడుచుకోని, పరుగున వచ్చి గడప బయట బుద్ధిగా కూర్చోని, ఆమె మొగంలోకి చూస్తా నోరు తెరిచింది. ఎవురూ నేర్పింది ల్యా. ఆ శబ్దం ఆ ఇంట్లో దానికి అదే మొదటిసారి.

పక్కింటి హజరాబీ గోడ మీద నుంచి చూసి నవ్వింది. "సారు గూడా ఇట్లనే కొట్టేటోడు కదక్కా!"

"ఏ సారు?"

"మీ సారే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు మా వాకిట్లో అరుగు మీద కూచ్చోని, టిఫిన్ డబ్బా మూత తీసి, చెంచాతో టంగ్ టంగ్‌మని కొట్టేటోడు. ఇది యాడున్నా ఉరికొచ్చేది. డబ్బాలో ఉండేదంతా దీనికి పెట్టి, మా బోరింగు కాడ డబ్బా కడుక్కోని ఇంటికి పోయేటోడు. మీకు తెల్దా ఏంది?"

శాంతకుమారికి తెల్దు. పొద్దున్నే లేచి, మడి కట్టుకోని, పులిహోర కలిపి, గారెలు వేయించి, పెరుగన్నంలో అల్లం తరిగి వేసి కట్టిచ్చిన డబ్బా అది. సాయంత్రం కడిగిన డబ్బా చేతికొస్తే, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్యాడు కదా మహానుభావుడు అని మురిసిపోయేది. "మరి ఆయన మధ్యాహ్నం ఏం తినేటోడు?" అని అడిగింది.

"ఆఫీసు ముందర హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జి. ఉల్లిపాయలు ఎక్కువ వేయించుకోని" అనింది హజరాబీ. అన్నాక నాలిక కరుచుకోని గోడ దిగేసింది.

శాంతకుమారి పంచపాత్ర ఆడనే పెట్టేసి వంటింట్లోకి పోయి తలుపేసుకునింది. ఏడుపొచ్చింది, దాని కంటే ముందు కోపమొచ్చింది. చచ్చినోని మీద కోపం ఎట్ల తీర్చుకోవాలో ఏ శాస్త్రంలోనూ రాయలేదు. ఆ పొద్దు ఫోటోకు పూలు పెట్టలేదు. కుక్కతో మాట్లాడలేదు. నీ వంట నచ్చలేదని ఒక్క మాట నోటితో చెప్పుంటే ఈమె గూడా ఆ ఉగ్గాని ఇంట్లోనే చేసి పెట్టేది కాదా? చేసేది కాదులే, ఉల్లిపాయలు కదా. అది గుర్తొచ్చి ఏడుపులోనే నవ్వొచ్చింది.

మూడో పొద్దు తాసిల్దారే గడప బయట కూర్చోని, ఆమెను చూసి, పాత అలవాటు కొద్దీ చెవి గోక్కునింది. "సరేలే, లెయ్. ఇన్నేండ్లు నా వంట మెచ్చి తిన్నదానివి నువ్వొక్కదానివే" అని ఆమె పంచపాత్ర చేతికి తీసుకునింది.

ఆ పొద్దు నుంచి చదువు పట్టాలెక్కింది. ఆమె మడి చీరలో ఒక అడుగు ముందుకేస్తే తాసిల్దారు ఒక అడుగు వెనక్కి. టంగ్. దూరం నుంచే ఒక చెనిక్కాయ ఇసిరేది. గడప దాటి పోయి కూర్చుంటే, టంగ్, రెండు చెనిక్కాయలు. ఆకులో గారెలు పెట్టి ముందరుంచినా, టంగుమనే దాకా ముట్టగూడదు, కదలగూడదు. సంవత్సరీకం పొద్దు ఇంటి నిండా గారెల వాసనే ఉంటాది కాబట్టి పరీక్ష గారెల్తోనే పెట్టాలని శ్రీవిద్య పట్టు పట్టింది. రోజూ గారెలే. కుక్క మడి నేర్చుకునేలోగా సాకేతు ప్యాంట్లు బిగుతైనాయి. శ్రీవిద్య గూడా పరీక్షకు బాగా సహకరించింది.

కడాకు ఎట్లైందంటే, శాంతకుమారి మడి చీర దండెం మీద నుంచి కర్రతో తీస్తేనే చాలు, తాసిల్దారు తోక ముడుచుకోని వెనకడుగులతో పోయి గడప అవతల కూర్చునేది. మడి గురించి ఆ ఇంట్లో సాకేతు కంటే ఆ కుక్కకే ఎక్కువ తెలుసు.

సంవత్సరీకం రానే వచ్చింది. పురోహితుడు జయప్రకాష్ శర్మ ప్రొద్దుటూరు నుంచి బుల్లెట్టు మీద వచ్చినాడు. ఆయన వెంట ఇద్దరు భోక్తలు. ప్రభాకరరావు తెల్లవారకముందే దిగి, వసారాలో కూర్చున్న కుక్కను ఒక చూపు చూసి, "తాడు తెచ్చుకున్యా" అని సంచి తట్టి లోపలికి పోయినాడు. శాంతకుమారి గుండె గారెల పిండి కంటే ఎక్కువ జారింది.

సాకేతు పీటల మీద కూర్చున్యాడు. తండ్రి కార్యానికి తండ్రి పంచపాత్రే ఉండాలని శాంతకుమారి పొద్దున్నే దాన్ని తోమి కొడుకు ముందర పెట్టింది. అంత తెలివైన ఆమెకు, బ్యాంకులో లెక్కలు చూసే కోడలికి, ఆచమనం సంగతి గుర్తే రాలేదు. వైదిక కార్యమంటే మాటిమాటికీ ఆచమనం కదా! సాకేతు నీళ్లు పోసుకోని, తాగి, చెంచాను పాత్రలో వేసినాడు. టంగ్.

గడప అవతల తాసిల్దారు చెవులు లేచినాయి.

మళ్లీ టంగ్. మళ్లీ టంగ్. వంటింటి తలుపు సందులో నుంచి చూస్తాండే శాంతకుమారికి చేతిలో జల్లిగరిటె చేతిలోనే ఉండిపోయింది. దానికి టంగుమంటే గారె రావాల. ఎవురూ ఏం పెట్టడంల్యా. పాపం, చేసింది చాల్లేదేమో అనుకోని అది వచ్చిన విద్యలన్నీ బయటికి తీసింది. కూర్చునింది. లేచింది. వెనక్కి నాలుగడుగులు నడిచి, మళ్లీ వచ్చి కూర్చునింది. చెవి గోక్కునింది. కడాకు శ్రీవిద్య సరదాకు నేర్పిన నమస్కారం గూడా, ముందుకాళ్లు రెండూ చాచి, తల వంచి పెట్టింది. ప్రభాకరరావు వీపు అటు వైపుండాది కాబట్టి సరిపోయింది. తలుపుకు ఎదురుగా కూర్చున్న భోక్తకు మాత్రం ఆ నమస్కారం నేరుగా తగిలింది. పితృస్థానంలో కూర్చున్న మనిషి నవ్వగూడదు. ఆయన పంచె కొస నోట్లో కుక్కుకోని, కండ్లలో నీళ్లు కార్చుకుంటా కూర్చున్యాడు.

"మీ నాయనను తలుచుకోని భోక్త గూడా ఏడుస్తాండాడు చూడు, సాకేతూ. అదీ మావాని పుణ్యం" అన్యాడు ప్రభాకరరావు గద్గదంగా.

ఇంత జరిగినా తాసిల్దారు గడప తొక్కలేదు. ఒక్క కాలి గోరు గూడా ఇవతల పెట్టలేదు. శాంతకుమారి ఊపిరి పీల్చుకునింది. భోక్తల భోజనం అయింది, పిండప్రదానం అయింది. ఇంక మిగిలింది ఒకటే. పిండం, దాంతో పాటు రెండు గారెలు ఆకులో పెట్టి పెరటిగోడ దగ్గర ఉంచాల, కాకి వచ్చి ముట్టాల. అది ముడితేనే పోయినోళ్లు తృప్తి పడినట్లు. ఆ తర్వాతే ఇంట్లోవాళ్ల భోజనం.

సాకేతు ఆకు పెట్టి వెనక్కి వచ్చినాడు. కాకులు వచ్చినాయి, కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి. సందు పక్క నుంచి తాసిల్దారు గూడా వచ్చింది. ఆకును చూసింది, గారెల్ని చూసింది. నేర్పిన దూరంలో, నేర్పినట్లే, విగ్రహం మాదిరి కూర్చునింది. దీని మొగం చూసి కాకులు తీగ దిగలేదు.

"తోలండ్రా దాన్ని!" ప్రభాకరరావు కర్ర అందుకున్యాడు. కుక్క కదల్లేదు. సాకేతు మెడపట్టీ పట్టుకోని లాగినాడు. నాలుగు కాళ్లూ భూమిలో పాతుకుని, శాంతకుమారి మొగం వైపే చూస్తా కూర్చునింది. పాపం, దానికి పొమ్మని ఎవురూ నేర్పలేదు. టంగుమనే దాకా ఉండమనే నేర్పినారు.

కడుపులు కాలతాండాయి. ఎండ నెత్తి మీదికొచ్చింది. జయప్రకాష్ శర్మ గడియారం చూసుకుంటా, "పోయినాయనకు ఏదో కోరిక మిగిలిపోయినట్లుండాది. మాటియ్యండి, దిగుతాది" అన్యాడు.

సాకేతు చేతులు జోడించి, "నాయనా, అమ్మను బాగా చూసుకుంటా" అన్యాడు. ఒక కాకి తీగకు ముక్కు గీసుకునింది. ప్రభాకరరావు ముందుకొచ్చి, "తమ్ముడూ, నిన్ను తలుచుకోని గయలో పిండం పెట్టిస్తా" అన్యాడు. ఉన్నవాటిలో పెద్ద కాకి లేచి ఎగిరిపోయింది.

"తాసిల్దారును చూసుకుంటామని చెప్పండి పెదమామయ్యా" అని శ్రీవిద్య మెల్లగా అనింది.

"నోర్ముయ్యమ్మా! పితృదేవతలకు కుక్క కోరికలుంటాయా?" ఆయన కర్ర నేలకేసి కొట్టినాడు. "చూసినావా శాంతా? గడప తొక్కలేదు, నేను గాదన్ల్యా. కానీ కార్యం చెడింది. కాకి ముట్టలేదు. ఇచ్చిన మాట ప్రకారం ఇది ఈ సాయంత్రం తుమ్మలపల్లెకు పోతాది. సాకేతూ, నా సంచిలో తాడు తీసుకోని రా."

సాకేతు అమ్మ వైపు చూసినాడు. శాంతకుమారి వంటింటి మెట్టు మీద మడి చీరలో నిలబడి ఉండాది. బావగారి ముందర ఎప్పుడూ లేవని ఆ నోరు ఆ పొద్దు లేచింది. లేచింది బావగారి మీద గాదు, మొగుని మీద.

"ఏమండీ!" అని ఆకాశంలోకి చూసి అరిచింది. "బతికినన్నాళ్లూ నేను కట్టిచ్చిన డబ్బా ఎవురికి పెట్టినారు? ఈ కాకులకు ఎన్నడన్నా ఒక మెతుకు ఇసిరినారా? మీరెవరో వాటికేం తెలుసు? ఇందాకట్నుంచి పెరట్లో గారెలు పెట్టుకోని ఎవురినో పిలుస్తాండాం. మీకు కావాల్సింది మీ ఎదురుగానే కూర్చోనుండాది, నేను చెప్పేదాకా ముట్టకుండా. ఇంత మర్యాద మీరు గూడా నాకు చూపించల్యా."

పీటల దగ్గరికి పోయి పంచపాత్ర తెచ్చింది. ప్రభాకరరావు "శాంతా!" అనేలోగా చెంచా ఎత్తి కొట్టింది.

టంగ్.

తాసిల్దారు లేచింది. ఎగబడలేదు. మెల్లగా నడుచుకుంటా ఆకు దగ్గరికి పోయి, ఒక గారె తీసుకోని, ఆడనే నిలబడి తినింది. శాంతకుమారి కండ్ల నుంచి నీళ్లు జారి మడి చీర మీద పడతాండాయి, ఆమె తుడుచుకోలేదు.

కుక్క తింటాంటే చూస్తా ఊరుకునే కాకి ఈ భూమ్మీద పుట్టలేదు. రెండో గారె గూడా పోతాదని భయపడిందో ఏమో, తీగ మీద నుంచి ఒకటి సర్రున దిగి పిండంలో ముక్కు పెట్టింది. దాని వెనకాల ఇంకోటి, ఇంకోటి. తాసిల్దారు పక్కకు జరిగి చోటిచ్చింది.

"ముట్టింది! ముట్టింది!" అని జయప్రకాష్ శర్మ చప్పట్లు కొట్టబోయి ఆపుకున్యాడు. "సందేహమే ల్యా. యముని వాకిట్లో ఉండే కుక్కలకు గూడా బలిలో భాగముండాది, శాస్త్రం ఒప్పుకుంటాది." కడుపు కాలినప్పుడు శాస్త్రం గూడా శానా మెత్తగా ఉంటాది.

అందరూ ప్రభాకరరావు వైపు చూసినారు. ఆయన కాకిని చూసినాడు, కుక్కను చూసినాడు, కర్రను గోడకు ఆనించినాడు. "వడ్డించండి" అని ఒక్క మాట అని లోపలికి పోయినాడు. అన్నం తింటాన్నంత సేపూ తల ఎత్తలేదు, తుమ్మలపల్లె మాట ఎత్తలేదు.

సాయంత్రం బస్సుకు ముందర ఆయన వసారాలో కూర్చోని సంధ్యవారుస్తాండాడు. తమ్ముని పంచపాత్రే ముందర పెట్టుకున్యాడు. టంగుమనేతలికి తాసిల్దారు వచ్చి, మడి దూరంలో కూర్చోని, ఆయన మొగంలోకి రెప్ప వేయకుండా చూసింది. కిటికీ లోపల శాంతకుమారి గిన్నెలు సర్దేది ఆపి, అట్లే నిలబడింది. ఆయన ఇంకోసారి ఆచమనం చేసినాడు. కుక్క నమస్కారం పెట్టింది.

ప్రభాకరరావు అటూ ఇటూ చూసినాడు. ఎవురూ లేరనుకున్యాడు.

"చిన్నప్పుడు పండగైతే నాకు ఒక్క గారె మిగల్చనోడు" అని కుక్కతో అన్యాడు, గొంతు తగ్గించి. "అడిగితే ఏడ్చేటోడు, కొడితే అమ్మతో చెప్పేటోడు. నీకు మాత్రం డబ్బాలకు డబ్బాలు పెట్టినాడంట కదరా, దొంగ నాయాలు." తర్వాత చానాసేపు కండ్లద్దాలు తుడుచుకున్యాడు. తుడుచుకోని, లోపలికి వినపడేట్లు పిలిచినాడు. "శాంతా! గారెలేమన్నా మిగిలినాయా?"

"ఉండాయి బావగారూ. ఎవురికి?"

శ్రాద్ధం పూట ఒంటిపూట భోజనం తప్ప పచ్చి మంచినీళ్లకు గూడా పంచాంగం చూసే మనిషి ఆయన. ఆ సంగతి ఆ ఇంట్లో కుక్కకు తప్ప అందరికీ తెలుసు.

"నాకే" అన్యాడు ప్రభాకరరావు.

శాంతకుమారి రెండు గారెలు ఆకులో పెట్టి, ఏమీ అడక్కుండా, గడప దగ్గర పెట్టి వచ్చింది.